నాలుగో అంతస్తులో కోరస్

"రీజన్!" అని నేను అరిస్తే ఎదురుగా కూర్చున్న నూటికి పైగా ఆడపిల్లలు "ఫర్!" అని అరిచేవాళ్ళు. "ఇంట్రెస్ట్!" అంటే "ఇన్!" "లాక్!" అంటే "ఆఫ్!" "డ్యామేజ్!" అంటే "టు!" కింద బట్టల షాపులో చీరలు చూసుకుంటున్నవాళ్ళు ఉలిక్కిపడి పైకప్పు వంక చూసేవారని ఆ షాపులో పనిచేసే అమ్మాయి ఒకసారి నాతో అంది. బెంజ్ సర్కిల్ దగ్గర అయిదంతస్తుల భవనం అది. కింద షాపు, మొదటి అంతస్తులో మా కాలేజీ ఆఫీసు, ఆ పైన నాలుగో అంతస్తు దాకా క్లాసులు, అన్నిటికంటే పైన పిల్లల హాస్టలు. ఇంటర్మీడియట్ చదివే ఆడపిల్లలు పొద్దున మెట్లు దిగి క్లాసుకొచ్చి, సాయంత్రం మెట్లెక్కి పడుకోవడానికి పోయేవారు. నేలమీద కాలు పెట్టే పనే వాళ్ళకి ఉండేది కాదు. నేను వాళ్ళకి ఇంగ్లీషు చెప్పేదాన్ని.

ఆ కోరస్ నేను కనిపెట్టిందే. ఇంగ్లీషులో నామవాచకం ఒంటరిగా తిరగదు. చాలావాటికి వెనకాల ఒక చిన్న మాట తోకలాగా ఉంటుంది. ఏ మాటకి ఏ తోక అంటే దానికో పద్ధతీ పాడూ లేదు, అడిగితే అలవాటు అంటారు. మనకీ ఈ గోల ఉందిగాని, మన తోకలు పుట్టుకతో వచ్చాయి కాబట్టి బరువు తెలియదు. మనకి మొగుడి మీద కోపం వస్తుంది, అత్తగారంటే భయం వేస్తుంది, చదువు మీద శ్రద్ధ కుదురుతుంది, ఊరికి దూరం అవుతాం. ఒకచోట 'మీద' ఎందుకు, ఇంకోచోట 'అంటే' ఎందుకు అని కంకిపాడులో ఎవర్నైనా అడిగితే ఎగాదిగా చూసి తమ దారిన పోతారు. ఇంగ్లీషులో భయానికి 'ఆఫ్', ప్రేమకి 'ఫర్', శ్రద్ధకి 'టు'. మా పిల్లలు తెలుగులో అనుకుని ఇంగ్లీషులో రాస్తారు గదా, 'మీద' అన్న చోటల్లా 'ఆన్' పెట్టేసేవారు. 'లవ్ ఆన్ మై మదర్' అని రాసిన పిల్ల కాగితం మీద తప్పు పెట్టడానికి నాకు చేతులొచ్చేవి కావు. కానీ పబ్లిక్ పరీక్షలో మార్కులేసేది నేను కాదు గదా.

అరిపించడం ఎందుకంటే, నేను నేర్చుకున్నది అలాగే. కంకిపాడులో మా నాన్నకి పిండిమర ఉండేది. బడి నుంచి రాగానే నేను వెళ్ళి, వచ్చినవాళ్ళ డబ్బాలు వరసలో పెట్టాలి. మర తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. తెలుగు మీడియంలో చదువుతూ ఇంగ్లీషంటే వణికిపోయే నేను, ఆ చప్పుడులో ఎవరికీ వినబడదన్న ధైర్యంతో గొంతు చించుకుని ఆ జంట మాటలన్నీ అరిచేదాన్ని. పిండి జుట్టు మీదా కనురెప్పల మీదా పడి ముసలమ్మలా తయారయ్యేదాన్ని. తప్పు అరిచినా నవ్వేవాళ్ళు లేరు. అంత హాయిగా నేను ఇంగ్లీషు మాట్లాడిన చోటు ఇప్పటికీ మరొకటి లేదు. అదే పద్ధతి క్లాసులో పెట్టాను. నెల తిరిగేసరికి నోరు విప్పడానికి సిగ్గుపడే పిల్లలు కూడా అరవడం మొదలెట్టారు. మార్కులొచ్చాయి. దాంతో నా మీద ఆఫీసు కన్ను పడింది.

ఆ ఆఫీసులో కూర్చునేది అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు. అందరం ఆయన్ని ఏవో గారనేవాళ్ళం. మెత్తని మనిషి. గట్టిగా ఒక్క మాట అనగా నేను వినలేదు. 'తల్లీ' అంటూ, 'మేడమ్ గారూ' అంటూ, టీ తాగిస్తూనే మన పని కానివ్వడు. ఆయనకి మోకాళ్ళ నెప్పులు, పొద్దున ఆఫీసు దాకా ఎక్కితే ఇంక పై మెట్లెక్కలేడు. అందుకని కాలేజీ మొత్తాన్ని చెవులతోనే కాపలా కాసేవాడు. కుర్చీలోంచి కదలకుండా, మెట్ల మీదుగా దిగొచ్చే చప్పుళ్ళని బట్టి ఏ క్లాసు నడుస్తోందో, ఏ లెక్చరరు ఊరికే కూర్చున్నాడో చెప్పగలడు. ఏదైనా క్లాసు సద్దుమణిగితే చాలు, ఆ అంతస్తు చూసుకునే ఇన్‌చార్జికి ఫోను పోయేది. నా కోరస్ ఆయనకి మహా ఇష్టం. పిల్లని చేర్పించడానికి ఏ తల్లిదండ్రులొచ్చినా వేలు పైకెత్తి, "వినండమ్మా, అదీ మా ఇంగ్లీషు," అనేవాడు. వాళ్ళు, పాపం, ఆ అరుపుల్లోనే తమ బిడ్డ భవిష్యత్తు ఉన్నట్టు తలలూపేవారు.

ఆ అరుపులన్నిటికీ పైన ఒక గొంతు ఉండేది. బందరు అవతల సముద్రం ఒడ్డు ఊరి పిల్ల. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి ఒడ్డున చేపల వేలం వేస్తుంది. చిన్నప్పటినుంచీ తల్లి పక్కన నిలబడి కేకలేసిన గొంతు అది. గాలినీ అలల్నీ బేరగాళ్ళనీ దాటి వినబడాలి గదా. చేరిన మొదటి వారంలోనే, "మేడమ్, ఇది మా ఒడ్డున వేలంపాట లాగానే ఉందండి," అంది. చలికాలంలో నా గొంతు పట్టేసినప్పుడు ఆ పిల్లే లేచి నిలబడి నామవాచకాలు పిలిచేది, మిగతావాళ్ళు తోకలు తగిలించేవారు. నేను కుర్చీలో కూర్చుని ఫ్లాస్కులో తెచ్చుకున్న మిరియాల పాలు తాగుతూ వినేదాన్ని. కింద ఏవో గారికి తేడా తెలిసేది కాదు.

కాంపోజిషన్ రాయమంటే మాత్రం పిల్లలందరిదీ ఒకటే వాక్యం. ఏ విషయం ఇచ్చినా చివరికి అక్కడికే వచ్చేవారు. 'ఐ వాంట్ టు గో టు హోమ్.' హోమ్‌కి ముందు 'టు' రాదు. బజారుకి పోవాలన్నా 'టు' కావాలి, ఆస్పత్రికి పోవాలన్నా కావాలి, ఇంటికి మాత్రం అక్కర్లేదు. ఆ 'టు'ని ఎర్ర సిరాతో కొట్టేసి కొట్టేసి నాకు విసుగొచ్చేది. "ఎందుకు రాదండి మేడమ్?" అని ఒకరోజు ఆ పిల్లే అడిగింది. "ఇంటికెళ్ళడానికి మధ్యలో ఏ అడ్డమూ ఉండకూడదని కాబోలు," అన్నాను, ఏదో ఒకటి చెప్పాలి గనక. క్లాసంతా కిక్కురుమనకుండా అయిపోయింది. వాళ్ళకి ఇంటితో ఉన్న సంబంధమల్లా ఆదివారం వార్డెన్ పక్కన నిలబడి చేసే ఒక్క ఫోను. అది తలుచుకుని నేను చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేశాను. వరండాలో ఇన్‌చార్జి సెల్లు మోగింది. ఆయన తలుపులోంచి తొంగిచూసి, "మేడమ్, కింద వినబడట్లేదంట," అన్నాడు.

నాకు ఇల్లు భవానీపురంలో ఉంది, మొగుడున్నాడు, సాయంత్రమైతే బస్సెక్కి పోవచ్చు. కాబట్టి నేను పిల్లల్లాగా బందీని కాననే అనుకునేదాన్ని. కానీ ఉద్యోగంలో చేరిన రోజున నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఏవో గారు తీసుకున్నారు. పదో తరగతి మెమో దగ్గర్నుంచి బీఈడీ దాకా. మా ఊళ్ళలో ప్రైవేటు కాలేజీల్లో పనిచేసిన ఎవర్నడిగినా ఈ సంగతి చెబుతారు, వింతేమీ లేనట్టు చెబుతారు. లెక్చరరు సంవత్సరం మధ్యలో వేరే కాలేజీకి ఎగిరిపోకుండా ఉండటానికి అది కట్టు. "భద్రంగా ఉంటాయి తల్లీ, ఇంట్లో అయితే చెదలు పడతాయి," అని నీలం రంగు ఫైలులో పెట్టి, నా పేరు రాసి, కుర్చీ వెనకాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. అదే బీరువాలో కింది అరల్లో పిల్లల పదో తరగతి మెమోలు కూడా ఉండేవి. నేనూ వాళ్ళూ ఒకే తాళం కింద ఉన్నామన్న మాట ఆ రోజు నాకు తట్టలేదు.

తట్టింది, ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి నేను ఎంపికయ్యాక. ఎన్నో ఏళ్ళుగా రాస్తున్న పరీక్ష. మరుసటిసారికి నా వయసు దాటిపోతుంది, అంటే ఇదే ఆఖరుసారి. బందరులో శుక్రవారం సర్టిఫికెట్లు పరిశీలిస్తారు, ఒరిజినల్సు చూపించాలి, లేకపోతే నా తర్వాత ర్యాంకువాళ్ళకి పోతుంది. ఆ కబురు వచ్చిన పొద్దున ఆనందంతో మా ఆయన చెయ్యి పట్టుకుని వంటింట్లో గెంతాను. గెంతుతుండగానే బీరువా గుర్తొచ్చింది.

ఏవో గారు మనస్ఫూర్తిగా సంతోషించాడు. "శుభం తల్లీ! మన కాలేజీకే పేరు," అని టీ తెప్పించాడు. "పబ్లిక్ పరీక్షలు కానివ్వండి, తప్పకుండా మాట్లాడదాం."

"శుక్రవారమేనండీ వెరిఫికేషను."

"జిరాక్సులకి మనం స్టాంపేసి ఇస్తాం గదా."

"ఒరిజినల్సే చూస్తారండీ."

"చైర్మన్ గారు ఊళ్ళో లేరే! తాళంచెవి నా దగ్గరున్నా అనుమతి ఆయనది. తాగండి తల్లీ, చల్లారిపోతోంది."

ఆ టీ తాగాను. అందుకు ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ టీ ఇచ్చాడు. తాళంచెవి ఆయన జేబులోంచి ఒక తాడుకి వేలాడుతూ కనబడేది. ఆ తాడు వంక చూస్తూ నేను పాఠం చెప్పుకున్నాను: ఇంగ్లీషులో 'కీ' అంటే 'టు', బీరువా'కి' తాళంచెవి. 'పర్మిషన్' అంటే 'ఫ్రమ్', ఎవరి నుంచో. ఇన్నేళ్ళు ఇవన్నీ అరిపించినదాన్ని, ఒక్కటీ నాకు పనికిరాలేదు. పోలీసులకి చెబుదామన్నాడు మా ఆయన. చెప్పొచ్చు. న్యాయం మన వైపే ఉంటుంది, కాకపోతే అది వచ్చేలోపు శుక్రవారం వెళ్ళిపోతుంది. పైగా ఈ ఉద్యోగమూ పోతే ఊళ్ళో మిగతా కాలేజీల వాళ్ళంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవాళ్ళే. మూడోసారి వెళ్ళినప్పుడు ఏవో గారు, "ఇక్కడ మిమ్మల్ని ఎవరు తక్కువ చేశారు తల్లీ?" అన్నాడు, నిజంగానే బాధపడుతూ. నాకు ఏడుపొచ్చింది. కోపం వచ్చినప్పుడు ఏడుపు రావడం నాకున్న పెద్ద జబ్బు.

ఆ బుధవారం కాలేజీకి తనిఖీ వచ్చింది. ఏడాదికోసారి వస్తుంది. ఆ రోజు మాత్రం ఎప్పుడూ తాళం వేసుండే లైబ్రరీ తెరుస్తారు, కుండీల్లో మొక్కలు అద్దెకి తెస్తారు, మాకు పట్టుచీరలు కట్టుకు రమ్మని చెబుతారు. ఇంకో ఆచారం కూడా ఉంది. చదువుకున్న లెక్చరర్లే పాఠాలు చెబుతున్నారని చూపించాలి గదా, బీరువా తెరిచి ఎవరి ఒరిజినల్సు వాళ్ళ చేతికిస్తారు. వరసగా వెళ్ళి తనిఖీ వాళ్ళ ముందు కూర్చుని చూపించి లేచిరావాలి. బల్ల చివర ఏవో గారు కుర్చీ వేసుకుని కూర్చుని, చూపించిన ఫైలు చూపించినట్టే వెనక్కి తీసుకుంటాడు. మా సొత్తు మా చేతుల్లో ఉండేది ఆ కాసేపే.

నా ఫైలు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ప్లాస్టిక్ అట్ట కింద నా పదో తరగతి మెమో కనబడుతోంది. దాని మూల మీద పసుపు మరక, మా అమ్మ దేవుడి దగ్గర పెట్టినప్పటిది. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళ అయింది. తనిఖీకి వచ్చిన ఇద్దరిలో పెద్దాయన కాగితాలు తిప్పి చూసి, ఆవులించి, ఫైలు నా చేతికే ఇచ్చాడు. ఏవో గారు చెయ్యి చాపబోయి, అంతలో పెద్దాయన్తో, "సార్, ఈ మేడమ్ కోరస్ మీరు వినాలండి. రాష్ట్రంలో ఎక్కడా ఉండదు," అన్నాడు.

"వింటాం లెండి, భోంచేస్తూ," అన్నాడాయన.

అదే సమయానికి కేటరింగ్ వాళ్ళు బిర్యానీ గిన్నెలతో మెట్లెక్కి వచ్చారు. ఏవో గారు అటు తిరిగి, ఇటు తిరిగి, చాపిన చేత్తోనే నన్ను పైకి తోలాడు. "వెళ్ళండి తల్లీ, మొదలెట్టండి. సార్లు చేతులు కడుక్కునేదాకా ఆగకూడదు. ఫైలు తర్వాత ఇద్దురుగాని."

ఫైలుతో పైకి వెళ్ళాను. పారిపోవాలన్న ఆలోచన నాకు లేదు. ఆయన కింద వింటున్నాడు, నేను పైన అరవాలి, ఇన్నేళ్ళ అలవాటు. బల్ల మీద ఫైలు పెట్టి, "రీజన్!" అన్నాను. "ఫర్!" అని హోరెత్తింది. "ఇంక్రీజ్!" "ఇన్!" "సొల్యూషన్!" "టు!" నాలుగు మాటలు పిలిచేసరికి సముద్రం ఒడ్డు పిల్ల లేచి నా దగ్గరికి వచ్చింది. ఆ నీలం ఫైళ్ళు ఎక్కడుంటాయో వాళ్ళకి తెలుసు. నా శుక్రవారం సంగతి కూడా తెలుసని అప్పుడు నాకు అర్థమైంది. నాలుగు గోడల మధ్య పిల్లలకి తెలియనిదేముంటుంది!

"మీ గొంతు బాలేదండి మేడమ్. నేను పిలుస్తాను," అంది.

"బాగానే ఉందే," అన్నాను.

"లేదండి, బాలేదు." ఫైలు తీసి నా చేతిలో పెట్టింది. "మేం ఆపం. మీరెళ్ళండి."

వెనక్కి తిరిగి క్లాసు వైపు నిలబడి, ఒడ్డున చేపలు వేలం వేసే గొంతుతో, "యాక్సెస్!" అని కేకేసింది. "టు!" అన్నారందరూ. ఒక్క పిల్ల నవ్వలేదు. ఒక్కరూ నా వంక చూడలేదు, చూస్తే ఆగిపోతామని భయపడ్డట్టు బోర్డు వంకే చూస్తున్నారు.

ఫైలు పైట కింద పెట్టుకుని మెట్లు దిగాను. పట్టుచీర కుచ్చిళ్ళు అడ్డం పడుతున్నాయి. ఇన్‌చార్జి పెరుగు గిన్నెతో ఎదురొచ్చి, నన్ను దాటి, వడ్డనకి పరిగెత్తాడు. మొదటి అంతస్తులో ఆఫీసు తలుపు తీసే ఉంది. లోపల తనిఖీ వాళ్ళు తింటున్నారు. ఏవో గారు నాకు వీపు పెట్టి నిలబడి, వేలు పైకెత్తి, "వినండి సార్, ఆవిడే," అంటున్నాడు. ఆవిడ ఆయన వెనక మూడడుగుల దూరంలో ఫైలు అదుముకుని ఉంది. పై నుంచి "రెస్పెక్ట్!" అని వినబడింది. "ఫర్!" అన్న అరుపులో నా చెప్పుల చప్పుడు కలిసిపోయింది.

గేటు కేటరింగ్ వాళ్ళ కోసం బార్లా తీసి ఉంది. "అదేంటి మేడమ్, పైన మీ క్లాసు నడుస్తోందిగా?" అన్నాడు వాచ్‌మన్.

"పిల్లలు నడుపుతున్నారు. తలనెప్పి మాత్ర తెచ్చుకుంటా," అన్నాను.

రోడ్డు దాటాక పరిగెత్తాల్సినదాన్ని ఆగిపోయాను. బెంజ్ సర్కిల్ మధ్యాహ్నం రద్దీ, హారన్లు, ఫ్లైఓవర్ మీద లారీలు. అయినా వినబడుతోంది. నాలుగో అంతస్తు కిటికీలకి పావురాలు రాకుండా అంటూ కొట్టిన ఇనప వల ఉంటుంది. దాని వెనక మొహాలు కనబడవు, గొంతులు మాత్రం వస్తున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగిన మోటారు సైకిలు మనిషి తలెత్తి చూసి నవ్వుకున్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో అంత సిగ్గేసింది. వాళ్ళు గొంతు ఆపిన క్షణాన నేను దొరికిపోతాను, వాళ్ళు ఆపరు. ఆటో ఎక్కి బస్టాండుకి పొమ్మన్నాను. మా ఇంటికి వస్తారన్న భయంతో భవానీపురం పోకుండా కంకిపాడులో మా అమ్మ దగ్గరికి పోయాను.

శుక్రవారం బందరులో నా కాగితాలు చూసిన అధికారి తలెత్తకుండా టిక్కులు పెట్టి, "వెళ్ళొచ్చమ్మా," అన్నాడు. ఇంతకీ జరిగిందల్లా ఇంతే. ఏవో గారు మా ఆయనకి ఫోను చేసి, "తల్లికి తలనెప్పి తగ్గిందా?" అని అడిగి పెట్టేశారట. ఆయన మర్యాద చూడండి! ఇంక నేను వెళ్ళలేదు. మా అమ్మ పెట్టింది తిని, ఆర్డరు కోసం ఎదురుచూస్తూ, వాకిట్లో కూర్చునేదాన్ని. ఎవరైనా గట్టిగా పిలిస్తే లేచి లోపలికి పోయేదాన్ని.

వారం దాటాక ఆదివారం పొద్దున తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"పిన్నీ, నేను," అంది ఒక బొంగురు గొంతు.

నాకు అక్కచెల్లెళ్ళు లేరు, నన్ను పిన్నీ అనేవాళ్ళు లేరు. తప్పు నంబరమ్మా అనబోయాను. వెనకాల "తొందరగా కానీ, వెనక పిల్లలున్నారు," అన్న వార్డెన్ మాట వినబడింది. అప్పుడు గుర్తుపట్టాను, సముద్రం ఒడ్డు పిల్ల. దసరా సెలవుల్లో అనుమానాలుంటే అడగమని బోర్డు మీద నా నంబరు రాశాను, అది గుర్తు పెట్టుకుంది.

"చెప్పమ్మా," అన్నాను.

"పని అయ్యిందా పిన్నీ? కాగితాలు చూపించావా?"

"చూపించానమ్మా. అయిపోయింది."

"అమ్మయ్య," అంది. "కిందటి ఆదివారం మా ఫోన్లు ఆపేశారులే, అందుకే చెయ్యలేదు. ఆ రోజు వాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోయినా మేం ఆపలేదు పిన్నీ. బెల్లు కొట్టినా ఆపలేదు."

"నీ గొంతేంటే అలా అయిపోయింది?"

"కొత్త ఆవిడ రాలేదు పిన్నీ. ఎవర్నీ పెట్టలేదు. నీకు బాగా వచ్చు గదమ్మా, నువ్వే కానీ, అన్నారు ఏవో గారు. రోజూ నేనే పిలుస్తున్నా. అన్ని సెక్షన్లకీ."

నేను వదిలి వచ్చిన చోటు ఖాళీగా ఉంటుందనుకున్నాను. ఈ రెండు వారాల్లో ఒక్కసారి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. ఆ పిల్లకి పరీక్షలు ముందున్నాయి, చదువుకోవడానికి వచ్చిన పిల్ల. ఏదో ఒకటి అడగాలని, "అమ్మ ఎలా ఉంది? అమ్మకి చేశావా?" అన్నాను.

"లేదు పిన్నీ. వారానికి ఒక్కటే గదా," అంది. ఫోను కట్టయింది.

రెండు వారాలుగా తల్లి గొంతు వినని పిల్ల, దొరికిన ఆ ఒక్క ఫోను నాకు చేసింది. ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. సాయంత్రం ఆలోచించి, ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళ ద్వారా పిల్ల తల్లి నంబరు సంపాదించి జరిగింది చెప్పాను. ఆవిడ విని, "మేం ఇప్పుడు వేట వదిలి రాలేమండి మేడమ్ గారూ. మీరొక్కసారి చూసి రండి. గొంతుకి ఏమన్నా పట్టండి," అంది. తనే వార్డెన్‌కి ఫోను చేసి, ఈసారి మా చెల్లెలు వస్తుందని చెప్పింది.

పై ఆదివారం విజిటర్ల రోజు. ఫ్లాస్కులో మిరియాల పాలు పోసుకుని బయల్దేరాను. ఫోనులో వద్దన్నాడు మా ఆయన. నా చేతికి ఇంకా ఆర్డరు రాలేదు, ఏవో గారు ఏం తలపెడతాడో తెలియదు, నా ఫైలు మాత్రం మా అమ్మ పెట్టె అడుగున ఉంది. బెంజ్ సర్కిల్‌లో బస్సు దిగగానే వినబడింది. ఆదివారమూ వదిలిపెట్టలేదు. "రీజన్!" అంటున్న ఆ పిలుపు సగంలోనే చీలిపోతోంది, గాలే వస్తోంది, అయినా వెనకాల అందరూ "ఫర్!" అంటున్నారు. కింద షాపు ముందు నుంచి గేటు దాకా తల్లులూ తండ్రులూ టిఫిన్ క్యారేజీలతో వరసలో ఉన్నారు. వాళ్ళ వెనక నిలబడ్డాను. ఆ ఇనప గేటు దాటి మళ్ళీ లోపలికి పోవాలంటే నాకు నిజంగా భయమేసింది.

నా వంతు వచ్చింది. వాచ్‌మన్ తలెత్తకుండానే, "ఎవరి కోసం?" అన్నాడు. పిల్ల పేరు చెప్పాను.

"ఏమవుతారు?"

"పిన్నిని," అన్నాను.

అప్పుడు తలెత్తి నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. పై నుంచి ఆ బొంగురు గొంతు ఇంకో మాట పిలిచింది. వాచ్‌మన్ ఒకసారి మెట్ల వంక చూసి, గేటు తీసి పక్కకి జరిగాడు. లోపలికి వెళ్ళాను.